గ్వాడలూప్ కొండలకు వెళ్తున్నారా? ముందు అక్కడ ఏం దొరకదో తెలుసుకోండి

టెక్సాస్ అంటే చదును నేల, పొడుగాటి హైవేలు అనుకునేవాళ్ళే ఎక్కువ. కానీ రాష్ట్రం పడమటి కొసన, న్యూ మెక్సికో సరిహద్దుకు ఆనుకుని, చివావా ఎడారిలోంచి గ్వాడలూప్ పర్వతాలు నిటారుగా లేచి ఉంటాయి. టెక్సాస్ మొత్తంలో ఎత్తైన శిఖరం ఇక్కడే ఉంది, 8,751 అడుగులు. 1972లో దీన్ని నేషనల్ పార్కుగా తెరిచారు. ఇంత ఉన్నా పేరున్న పెద్ద పార్కుల్లో కనిపించే జనం ఇక్కడ కనిపించరు, ఎందుకంటే ఇది దేనికీ దగ్గర కాదు. ఎల్ పాసో నుంచి 110 మైళ్ళు. డాలస్ నుంచి వస్తే పగలంతా కారులోనే గడిచిపోతుంది. తీరా వచ్చాక పార్కులో పెట్రోలు బంకు ఉండదు, హోటల్ ఉండదు, రెస్టారెంట్ ఉండదు, ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంది లేకపోతే లేదు.

ఈ కొండలు ఎక్కడానికి మీరు పెద్ద ట్రెక్కర్ అయి ఉండక్కర్లేదు. ఎగుడులో ఎనిమిది మైళ్ళు నిదానంగా నడవగలిగే ఓపిక ఉంటే చాలు. ఇక్కడ ట్రిప్పులు చెడేది ఎక్కువగా గాలి వల్ల, నీళ్ళు చాలక, దూరాన్ని తక్కువ అంచనా వేయడం వల్ల. అందుకే కింద రాసిందంతా ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. శిఖరం సంగతి కాస్త ఆలస్యంగా వస్తుంది, ఏమనుకోకండి.

1. నెల ఎంచుకోండి

నన్నడిగితే అక్టోబర్ నెలాఖరు నుంచి నవంబర్ సగం దాకా. ఎండ తగ్గుతుంది, వాన పిడుగుల సీజన్ అయిపోతుంది, పైగా పార్కులోనే ఉన్న మెకిట్రిక్ కాన్యన్ అనే లోయలో మేపుల్ చెట్లు ఎర్రబడేది అప్పుడే. అందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి ఏడాది మొత్తంలో పార్కు కిక్కిరిసేది కూడా అప్పుడే. శని, ఆదివారాలు కాకుండా మధ్య వారంలో వెళ్ళగలిగితే ఎంతో హాయి.

మార్చి, ఏప్రిల్‌లో వాతావరణం చల్లగా బాగుంటుందని చాలామంది స్ప్రింగ్ బ్రేక్‌లో వచ్చేస్తారు. గాలి విజృంభించేది సరిగ్గా ఆ రోజుల్లోనే, అది వేరే చెప్తాను. మే, జూన్‌లలో ఎండ మాడ్చేస్తుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బులు కమ్మి ఉరుములు మెరుపులు మొదలవుతాయి, అప్పుడు శిఖరం మీద ఉండటం ప్రాణాలతో చెలగాటమే. ఆ నెలల్లో తప్పదంటే తెల్లవారకముందే నడక మొదలుపెట్టి మధ్యాహ్నం కల్లా దిగిపోవాలి. చలికాలంలో రోజులు చక్కగా ఉండొచ్చు గానీ, శిఖరం దారిలో ఉత్తరం వైపు వాలులో మంచు గడ్డకట్టి ఉండే అవకాశం ఉంది, బూట్లు జారతాయి.

2. దారి, పెట్రోలు, కాగితాలు

పార్కు ముఖద్వారం లాంటిది పైన్ స్ప్రింగ్స్, యూఎస్ 62/180 హైవే మీదే ఉంటుంది. విజిటర్ సెంటర్, క్యాంప్‌గ్రౌండ్, శిఖరం దారి మొదలు అన్నీ అక్కడే. పెట్రోలు కావాలంటే ఈశాన్యంగా న్యూ మెక్సికోలోని వైట్స్ సిటీ 35 మైళ్ళు, ఇంకో 20 మైళ్ళు పోతే కార్ల్స్‌బాడ్ ఊరు, దక్షిణాన వాన్ హార్న్ 65 మైళ్ళు. పడమట డెల్ సిటీ ఉంది గానీ చిన్న ఊరు, దాని మీద ఆధారపడొద్దు. కాబట్టి వాన్ హార్న్‌లోనో, కార్ల్స్‌బాడ్‌లోనో, ఎల్ పాసోలోనో ట్యాంకు నిండా కొట్టించుకుని రండి. సగం ట్యాంకు ఉంది కదా అని ధైర్యపడితే కుదరదు, ఎందుకంటే పార్కు లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరగడానికే బోలెడు మైళ్ళు ఖర్చవుతాయి, తిరుగు ప్రయాణం దానికి అదనం. ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. తిండి సామాన్లు కూడా పార్కుకి వచ్చే ముందు తగిలే ఆఖరి పెద్ద ఊళ్ళోనే కొనేయండి, ఒక పూటకి ఎక్కువే.

ఎల్ పాసో వైపు నుంచి వచ్చే రోడ్ల మీద బోర్డర్ పట్రోల్ (సరిహద్దు గస్తీ పోలీసుల) చెక్‌పోస్టులుంటాయి. మెక్సికో సరిహద్దు దగ్గరే కదా. అమెరికా పౌరులు కానివాళ్ళు గ్రీన్ కార్డు గానీ, పాస్‌పోర్టు, వీసా, ఐ-94 కాగితాలు గానీ ఒరిజినల్స్ కార్లో పెట్టుకోండి. ఫోన్లో ఫోటో ఉంది, ఇంట్లో బీరువాలో ఉంది అంటే అనవసరమైన టెన్షన్. కాగితాలు చేతిలో ఉంటే మామూలుగా రెండు ప్రశ్నలడిగి పంపించేస్తారు.

ఇంకో చిన్న చిక్కు గడియారంతో. టెక్సాస్‌లో ఎక్కువ భాగం సెంట్రల్ టైమ్, ఈ పార్కు మాత్రం మౌంటెన్ టైమ్ పాటిస్తుంది, అంటే గంట వెనక. ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది, ఒకే రోజులో ముందుకీ వెనక్కీ గెంతుతుంది. పార్కులోకి రాగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోమేటిక్ తీసేసి మౌంటెన్ టైమ్ పెట్టేసుకోండి. గేటు మూసే వేళలున్న చోట ఈ గంట తేడా చాలా ఇబ్బంది పెడుతుంది.

ప్రవేశ రుసుము కారుకి కాదు, మనిషికి: 16 ఏళ్ళు నిండిన ఒక్కొక్కరికి 10 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే అదీ పనికొస్తుంది. నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే పాస్ లెక్క ఒకసారి చూసుకోండి. మారి ఉండొచ్చు కాబట్టి బయల్దేరే ముందు పార్కు సైట్లో ఒక చూపు వేయడం మంచిది.

3. రాత్రి ఎక్కడ పడుకోవాలి

పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్ అన్నిటికన్నా అనుకూలం, పొద్దున లేచి నాలుగడుగులు వేస్తే శిఖరం దారి. ముందే రిజర్వ్ చేసుకోవాలి, సీజన్లో త్వరగా నిండిపోతుంది. తాగే నీళ్ళు, టాయిలెట్లు ఉంటాయి, స్నానాల గదులు ఉండవు. కట్టెల మంట, బొగ్గుల మంట రెండూ నిషేధం, ఎండిన గడ్డికి ఈ గాలిలో నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గ్యాస్ స్టవ్ వాడుకోవచ్చు.

టెంటు విషయంలో ఒక మాట. మామూలు ఎండాకాలపు టెంటు, కర్టెన్ లాంటి పల్చటి గుడ్డతో ఎత్తుగా నిలబడేది, ఇక్కడ రాత్రిళ్ళు మిమ్మల్ని నిద్రపోనివ్వదు. పొట్టిగా ఉండే టెంటు తెచ్చుకోండి, నేల గట్టి కంకర కాబట్టి సన్నటి అల్యూమినియం మేకులు వంగిపోతాయి, బలమైన మేకులు, అదనంగా తాళ్ళు ఉంచుకోండి. పగలు నడకకు వెళ్ళేటప్పుడు టెంటుని ఖాళీగా వదలకుండా బరువైన బ్యాగులు లోపల మూలల్లో పెట్టి వెళ్ళండి.

టెంటు వద్దనుకుంటే కార్ల్స్‌బాడ్‌లోనో వాన్ హార్న్‌లోనో హోటల్ తీసుకోవాలి, కానీ పొద్దున్నే గంట డ్రైవ్ చేసి రావడానికి సిద్ధపడాలి. కొండల మీద పడుకోవాలనుంటే పది చోట్ల క్యాంపులున్నాయి, వాటికి వేరే పర్మిట్ కావాలి. మొదటిసారికి అది నేను సలహా ఇవ్వను. కారణం నీళ్ళు.

4. నీళ్ళ లెక్క ముందు వేసుకోండి

కొండ మీద నమ్ముకోదగ్గ నీటి చుక్క లేదు. ఊటలు అక్కడక్కడా ఉన్నాయి గానీ అవి జంతువుల కోసం, ఎప్పుడుంటాయో ఎప్పుడెండుతాయో తెలియదు. పార్కు వాళ్ళు చెప్పే లెక్క మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు. శిఖరం ఒక్కరోజులో ఎక్కి దిగడానికి మనిషికి నాలుగు లీటర్లు వీపు మీద మోయాలి. రాత్రి కూడా పైనే ఉంటే వంటకీ, మర్నాటికీ కలిపి అది ఎనిమిది దాటుతుంది. మూడు వేల అడుగుల ఎగుడు ఎనిమిది కిలోల నీళ్ళతో, టెంటుతో, స్లీపింగ్ బ్యాగుతో ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఎడారి గాలి పొడిగా ఉండటం వల్ల చెమట చొక్కాకి అంటుకోకుండానే ఆరిపోతుంది. చెమట పట్టట్లేదు కదా, నీళ్ళెందుకు అనిపిస్తుంది. ఒంట్లో నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకీ రెండు గుక్కలు తాగండి. ఉత్త నీళ్ళే అదే పనిగా తాగినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, కాబట్టి మధ్యమధ్యలో ఉప్పు తగిలే తిండి ఏదో ఒకటి నములుతూ ఉండండి, లేకపోతే ఎలక్ట్రొలైట్ పొడి ఒక సీసాలో కలుపుకోండి. సగం నీళ్ళు అయిపోయేసరికి శిఖరం ఇంకా రాలేదంటే వెనక్కి తిరగాలి, దీనికి మినహాయింపులు పెట్టుకోవద్దు. నాలుగు లీటర్లూ ఒకే సీసాలో వద్దు, ఒకటి పగిలినా ఇంకోటి ఉండాలి. కారులో ఇంకో రెండు గాలన్లు వేరే.

5. శిఖరం ఏ రోజో గాలిని అడగండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఈ కొండలకి పడమట ఉప్పు మైదానం, అడ్డూ ఆపూ లేని చదును. పసిఫిక్ వైపు నుంచి వచ్చే గాలి ఆ చదును మీదుగా దూసుకొచ్చి ఒక్కసారిగా ఐదు వేల అడుగుల గోడకి కొట్టుకుంటుంది. పైకెక్కి దాటాలి, లేదా గ్వాడలూప్ పాస్ అనే సందులోంచి దూరాలి. ఇరుకులో దూరేసరికి వేగం పెరుగుతుంది. చలికాలం, వసంతకాలంలో గంటకి 40, 50 మైళ్ళ గాలి ఇక్కడ వింతేమీ కాదు, కొన్ని రోజుల్లో గస్ట్‌లు, అంటే ఉన్నట్టుండి విసిరికొట్టే గాలి, 70 దాటుతాయి. అంత గాలిలో కొండ అంచున నిలబడటం కాదు కదా, కారు తలుపు తెరవడమే కష్టం. ఎంత ఒళ్ళు గల మనిషినైనా పక్కకి నెట్టేస్తుంది.

అందుకని కనీసం రెండు పూర్తి రోజులు పెట్టుకుని రండి, ఫలానా రోజే శిఖరం అని ముందే రాసిపెట్టుకోవద్దు. బయల్దేరే ముందు నేషనల్ వెదర్ సర్వీస్ సైట్లో మ్యాప్ మీద సరిగ్గా గ్వాడలూప్ శిఖరం మీద నొక్కి చూడండి. ఊరి పేరుతో వెతికితే అది కింద మైదానం లెక్క చెబుతుంది, పైన పరిస్థితి వేరు. అక్కడ గాలి వేగం, గస్ట్ అని రెండు అంకెలుంటాయి, మీరు చూడాల్సింది గస్ట్. 30 లోపుంటే నిశ్చింతగా వెళ్ళండి. 40 దగ్గరికొస్తే ఆలోచించండి. 50 అని ఉంటే ఆ రోజు మెకిట్రిక్‌కో, ఇంకెక్కడికో లోయలోకి వెళ్ళి, శిఖరాన్ని మర్నాటికి మార్చండి. ఈ అంకెలు నా లెక్క, పార్కు నియమం కాదు. పిల్లలు ఉంటే ఇంకా తగ్గించుకోండి. ముందు రోజే విజిటర్ సెంటర్లో రేంజర్‌ని అడిగితే మర్నాడు పైన ఎలా ఉంటుందో తేటతెల్లంగా చెప్తారు, మొహమాటపడకుండా అడగండి.

రెండు రోజులూ గాలే అయితే 40 నిమిషాల దూరంలో కార్ల్స్‌బాడ్ గుహలున్నాయి. నేల కింద గాలి ఉండదు కదా. దానికి లోపలికెళ్ళే టైమ్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి.

6. సంచిలో ఏముండాలి

మందపాటి అడుగున్న బూట్లు ముఖ్యం. దారంతా పదునైన సున్నపురాయి, ఎత్తుపల్లాల మెట్లు, మామూలు రన్నింగ్ షూస్‌తో దిగేటప్పుడు పాదాలు మంటెక్కిపోతాయి. రెండు నడక కర్రలు ఉంటే దిగేటప్పుడు మోకాళ్ళు మీకు దండం పెడతాయి. గాలిని ఆపే జాకెట్ ఏ నెలలోనైనా సరే ఉండాలి, కింద ఎండ కాస్తున్నా పైన పది, పదిహేను డిగ్రీల ఫారెన్‌హీట్ తక్కువే. టోపీకి గడ్డం కింద తాడు లేకపోతే అది న్యూ మెక్సికోలో తేలుతుంది. సన్‌స్క్రీన్, తల లైటు, పటకారు ఉన్న చిన్న మందుల పెట్టె, ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసిన ఫోన్, వీలైతే ఒక కాగితపు మ్యాప్. శాటిలైట్ మెసెంజర్ ఉంటే మరీ మంచిది. లేకపోతే ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో, ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే కంగారుపడాలో ఇంట్లో ఒకరికి స్పష్టంగా చెప్పి వెళ్ళండి.

పటకారు ఎందుకంటారా? లెచుగియా అని ఒక మొక్క ఉంది, చివావా ఎడారికి గుర్తు లాంటిది. నేలబారున కత్తుల్లా పైకి నిలబడ్డ ఆకులు, ఒక్కో ఆకు కొసన నల్లటి గట్టి ముల్లు. సరిగ్గా చీలమండ దగ్గరా, పిక్క దగ్గరా తగిలే ఎత్తు. ఫోటో కోసం దారి దిగి పక్కకి అడుగు వేశారంటే ప్యాంటు గుడ్డలోంచి నేరుగా దిగుతుంది. కూర్చునే ముందు, చెయ్యి ఆనించే ముందు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి, వెచ్చటి నెలల్లో రాటిల్ స్నేక్‌లకి కూడా అదే మందు.

7. శిఖరం రోజు

పైన్ స్ప్రింగ్స్ నుంచి పోనూ రానూ 8.4 మైళ్ళు, ఎగుడు మూడు వేల అడుగులు. ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. తెల్లారేసరికి దారి మీద ఉండండి, సీజన్లో పార్కింగ్ కూడా పొద్దున్నే నిండిపోతుంది.

అసలు పరీక్ష మొదటి మైలున్నరలోనే. నీడ లేదు, దారి ఇటూ అటూ మలుపులు తిరుగుతూ ఆపకుండా ఎక్కుతూనే ఉంటుంది, ఉదయపు ఎండ నేరుగా మొహం మీదే. ఇక్కడ చాలామంది "మొదట్లోనే ఇలా ఉంటే పైన ఎలా ఉంటుందో" అని డీలా పడి వెనక్కి వెళ్ళిపోతారు. అలా అనుకోకండి, కష్టమైన ముక్క ఇదే. మాట్లాడుతూ నడవగలిగినంత నిదానంగా వెళ్ళండి, ఊపిరి అందక మాట ఆగిపోతుంటే వేగం ఎక్కువైందన్నమాట. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్ళ నుంచి నేరుగా వచ్చినవాళ్ళకి ఈ ఎత్తులో కాస్త ఆయాసం మామూలే. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే మాత్రం దిగిపోవడమే.

తర్వాత దారి కొండ చుట్టూ తిరిగి ఉత్తరం వైపుకి చేరుతుంది, ఒక్కసారిగా సీన్ మారిపోతుంది. పైన్ చెట్లు, డగ్లస్ ఫర్ చెట్లు, నీడ, చల్లదనం. కింద ముళ్ళ మొక్కలు చూసిన కళ్ళకి ఇదెక్కడి అడవిరా అనిపిస్తుంది. మంచు యుగంలో ఈ ప్రాంతమంతా చల్లగా ఉన్నప్పుడు పెరిగిన అడవి, వేడెక్కేకొద్దీ పైకి పైకి జరిగి ఈ ఎత్తుల్లో మిగిలిపోయింది. కొంచెం సేపు ఆగి తినడానికి ఇదే మంచి చోటు, పైన గాలి ఉంటే తిననివ్వదు.

మూడు మైళ్ళ దగ్గర ఒక గట్టు కనిపిస్తుంది, అదే శిఖరం అనుకుంటారు, కాదు. అక్కడ ఒక చిన్న క్యాంపు ఉంటుంది, అసలుది ఇంకో మైలు. ఆ తర్వాత కొండ అంచున చిన్న చెక్క వంతెన దాటి ఆఖరి ఎగుడు మొదలవుతుంది. ఎత్తంటే భయమున్నవాళ్ళు ఇక్కడ లోపలి వైపున నడవండి, దారి వెడల్పుగానే ఉంటుంది. ఎల్ కపిటాన్ అనే పెద్ద రాతి కొమ్ము, హైవే మీంచి వస్తూ తలెత్తి చూసింది, ఇప్పుడు మీ కాళ్ళ కిందికి వచ్చేస్తుంది.

దారిలో రాళ్ళని ఊరికే తొక్కుకుంటూ పోకండి, ఒక్కోసారి వంగి చూడండి. ఈ కొండలు ఒకప్పుడు సముద్రంలో ఉండేవి. దాదాపు 26 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ స్పాంజిలు, నాచులు కలిసి కట్టిన పెద్ద రీఫ్, అంటే నీటి అడుగు దిబ్బ, ఉండేది, తర్వాత అది పూడిపోయి, భూమి పైకి నెట్టడంతో మళ్ళీ బయటపడింది. బూడిదరంగు రాయి మీద కొన్నిచోట్ల బియ్యపు గింజలంత తెల్లటి మచ్చలు గుంపులుగా కనిపిస్తాయి, అవి ఫ్యూజులినిడ్‌లు, ఆ సముద్రంలో బతికిన ఏకకణ జీవుల గుల్లలు. భూగర్భ శాస్త్రవేత్తలు పెర్మియన్ యుగంలో ఒక భాగానికి ఈ కొండల పేరుతోనే గ్వాడలూపియన్ అని పేరు పెట్టారు. చూసి వదిలేయండి, జేబులో వేసుకోవడం నేరం.

శిఖరం మీద స్టీలు పిరమిడ్ ఒకటి ఉంటుంది, అదేంటిక్కడ అని అందరికీ వింతే. ఉత్తరాలు మోసిన బటర్‌ఫీల్డ్ గుర్రపు బండ్ల సర్వీసు 1858లో ఈ కొండల పక్క నుంచే నడిచింది, దానికి వందేళ్ళయిన సందర్భంగా 1958లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దీన్ని పెట్టించింది. పక్కనే పెట్టెలో రిజిస్టర్ ఉంటుంది, పేరు రాసుకోవచ్చు. పడమటి వైపు కింద తెల్లగా పరచుకున్నది ఉప్పు. ఆ ఉప్పు ఎవరిదన్న తగవు మీద 1877లో ఎల్ పాసో దగ్గరి శాన్ ఎలిజారియో ఊళ్ళో తుపాకులు పేలి మనుషులు చచ్చారు. కాసేపు కూర్చోండి గానీ మబ్బులు లేస్తుంటే ఫోటోలు చాలించి దిగిపోండి.

దిగడం తేలికని అనుకోవద్దు, వదులు రాళ్ళ మీద జారి పడేది దిగేటప్పుడే. కర్రలు కాస్త పొడుగు చేసుకుని, అడుగులు పొట్టిగా వేయండి. దారిలో టాయిలెట్లు లేవు: దారికి దూరంగా ఆరు అంగుళాల గుంట తవ్వి పూడ్చాలి, కాగితం మాత్రం కవర్లో వెనక్కి తెచ్చుకోవాలి. నారింజ తొక్కలు కూడా. ఎడారిలో అవి కుళ్ళవు, ఎండి అలాగే పడి ఉంటాయి.

8. రెండో రోజు మెకిట్రిక్

శిఖరం ఎక్కి మర్నాడే వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. నిజం చెప్పాలంటే రెండిట్లో ఒకటే చూడమంటే నేను మెకిట్రిక్‌కే వెళ్తాను. ఎడారి మధ్య లోయలో వాగు ఉంటుంది, రాళ్ళ కింద మాయమై, కొంత దూరం పోయాక మళ్ళీ బయటికొస్తుంది. టెక్సాస్ మద్రోన్ చెట్ల బెరడు పల్చగా ఒలిచినట్టు ఊడి, లోపల నున్నగా ఎర్రగా కనిపిస్తుంది. దారి దాదాపు చదును. ప్రాట్ క్యాబిన్ దాకా పోనూ రానూ 4.8 మైళ్ళు, గ్రోటో అనే చిన్న గుహ లాంటి చోటు దాకా 6.8. ఆ క్యాబిన్ కట్టించిన వాలెస్ ప్రాట్ చమురు కంపెనీలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త, తన 5,000 ఎకరాలకు పైగా భూమిని ప్రభుత్వానికి ఇచ్చేశాడు, పార్కుకి అదే మొదలు.

ఇక్కడ ఒకటే జాగ్రత్త: ఈ లోయ పగటిపూటకి మాత్రమే, సాయంత్రం గేటుకి తాళం పడుతుంది. వేళలు కాలాన్ని బట్టి మారతాయి, లోపలికెళ్ళేటప్పుడే బోర్డు చూసి, మౌంటెన్ టైమ్‌లో అలారం పెట్టుకోండి. వాగులో కాళ్ళు పెట్టకూడదు, ఎంత ఊరించినా సరే.

9. ఇంకా ఓపిక, టైమ్ ఉంటే

డెవిల్స్ హాల్ సుమారు నాలుగు మైళ్ళు పోనూ రానూ, సగం దారి ఎండిన వాగులో బండల మీద గెంతుకుంటూ వెళ్ళాలి, చివర రెండు రాతి గోడల మధ్య సందు. పిల్లలకి భలే నచ్చుతుంది, వాన సూచన ఉంటే మాత్రం ఆ వాగులోకి దిగొద్దు. ద బౌల్ అనేది కొండల మీదున్న అడవి, సుమారు తొమ్మిది మైళ్ళ చుట్టు, బేర్ కాన్యన్ దారి మరీ నిటారు కాబట్టి తేహాస్ ట్రెయిల్‌లో వెళ్ళి అందులోనే తిరిగొస్తే మోకాళ్ళు బతుకుతాయి. పెద్దవాళ్ళు ఉంటే ఫ్రిహోలె రాంచ్ దగ్గర మాన్‌జనీటా స్ప్రింగ్ దాకా చిన్న నడక, లేదా విజిటర్ సెంటర్ దగ్గర పైనరీ అనే పాత గుర్రపు బండ్ల మజిలీ శిథిలాలు, ఏడాది తిరక్కుండానే మూతపడిన స్టేషన్ అది. ఉత్తరాన డాగ్ కాన్యన్ ప్రశాంతంగా ఉంటుంది, కానీ పైన్ స్ప్రింగ్స్ నుంచి న్యూ మెక్సికో చుట్టూ తిరిగి దాదాపు రెండు గంటలు డ్రైవ్, అది వేరే ట్రిప్ కింద లెక్కేసుకోవడమే మేలు.

కుక్కని తెచ్చే ఆలోచన ఉంటే మానుకోండి, పైనరీ దాకా వెళ్ళే చిన్న దారి లాంటివి తప్ప ట్రెయిల్స్ మీదికి రానివ్వరు, కారులో వదిలేస్తే ఎండకి చచ్చిపోతుంది. డ్రోన్ కూడా నిషేధమే.

తిరుగు ప్రయాణం చీకటి పడ్డాక పెట్టుకోకుండా ఉంటే మంచిది, మ్యూల్ జింకలు హైవే మీదికి ఉన్నట్టుండి వచ్చేస్తాయి. దక్షిణంగా వాన్ హార్న్‌కి హైవే 54 మీద వెళ్తున్నారంటే దారిలో పెట్రోలు బంకు గానీ, కొట్టు గానీ ఉండదు, కాబట్టి పైన్ స్ప్రింగ్స్‌లో కారు తీసేముందు ట్యాంకు ముల్లు ఎక్కడుందో చూసి, సీసాలన్నీ కుళాయి దగ్గర మళ్ళీ నింపుకుని బయల్దేరండి.